సౌకర్యమనగా సుంకులమ్మ

ఓబులేసు కుడి భుజం ఎడమ భుజం కన్నా ఒకటిన్నర అంగుళం కిందికి ఉండేది. అది పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. ప్రాచీన శిలాలేఖన సంరక్షణ మండలిలో ఆయన ఇరవై నాలుగేళ్లుగా ఫోటోగ్రాఫరు. రాయలసీమ గుట్టల్లో ఏ కాలంలో ఎవరు ఏ బండ మీద నాలుగక్షరాలు చెక్కి పోయినా వాటిని ఫోటో తీసి భద్రపరచడం ఆయన పని. ఆ చెక్కినవాళ్లలో ఒక్కరు కూడా రోడ్డు పక్కన చెక్కలేదు. కెమెరా, రెండు పొడవాటి లెన్సులు, ఫ్లాషు, బ్యాటరీలు, మూడుకాళ్ల స్టాండు, బండ మీద మట్టి దులిపే కుంచెలు, కొలతబద్ద, ఇవన్నీ మండలి వారి తోలుసంచిలో సర్దుకుని, ఆ సంచిని ఒంటి భుజానికి వేలాడేసుకుని ఆయన గుట్టలెక్కేవాడు. మొత్తం పదకొండు కిలోలు. చొక్కా కుట్టే దర్జీ ఈమధ్య కొలతలు తీసుకుంటూ, "కుడిపక్క కొంచెం తగ్గించి కుడతా సార్, లేకుంటే ముడత పడ్తాది" అని మర్యాదగా చెప్పాడు.

ఆ ఏడాది వేసవి మొదట్లో ఒక గుట్ట మీద పక్షుల ఫోటోలు తీసుకునే అమ్మాయి ఒకతె ఆయనకు కనిపించింది. ఆమె వీపుకు రెండు పట్టీల సంచి, నడుముకు ఇంకో పట్టీ. ఆయన దిగులుగా చూడటం గమనించి, "ఒకసారి వేసుకుని చూడండి అంకుల్, బరువంతా నడుం మీద కూర్చుంటుంది" అని తన సంచి తీసి ఇచ్చింది. ఓబులేసు వేసుకుని పది అడుగులు నడిచాడు. మెడ పక్కన ఎన్నో ఏళ్లుగా పట్టుకుని ఉన్న నరమేదో వదిలేసినట్టయింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండకు అనుకుంది ఆ అమ్మాయి.

మరునాడే ఆయన బజారులో ఖాదర్‌బాషా సంచుల దుకాణానికి వెళ్లాడు. ఖాదర్‌బాషా వీపుసంచి ఒకటి తీసి, అందులో బియ్యం ప్యాకెట్లు పదకొండు కిలోలు తూచి నింపి, ఆయన వీపుకు తగిలించి, పట్టీలు బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించాడు.

"ఐదు నిమిషాలకైతే ఏ సంచైనా బాగుంటాది సార్. గడియారం స్తంభం దాకా పోయి రండి. ముప్పావుగంట మోసినాక చెప్పండి" అన్నాడు.

ఓబులేసు మోశాడు. బాగుంది. కాని కొనుక్కుని మోసే వీలు లేదు. మండలి కెమెరా మండలి సంచిలో తప్ప వేరే సంచిలో గడప దాటరాదని నిబంధన ఉంది. అందుకని ఆయన ఆ సాయంత్రమే అర్జీ రాశాడు. "అయ్యా, తోలుసంచి వల్ల భుజం నొప్పిగా ఉంది. వీపుకు తగిలించుకునే సంచి ఇప్పించగలరు. త్వరగా ఇప్పిస్తే బోడిబండ గుట్ట పనికి పనికొస్తుంది. ఇట్లు, విధేయుడు."

బోడిబండ గుట్ట పని చిన్నది కాదు. ఆ గుట్టను కంకర కోసం పేల్చడానికి ఒకరికి అనుమతి వచ్చింది. గుట్ట నెత్తిన ఒక బండ మీద ఏవో రాతలున్నాయని గొర్రెల కాపరులు చెబితే, ఓబులేసు ఖాళీ చేతులతో ఒకసారి వెళ్లి తడిమి వచ్చాడు. వేళ్ల కింద అక్షరాలు తగిలాయి. ఫోటోలతో నివేదిక నలభై అయిదు రోజుల్లో అందితే గుట్టను వదిలేస్తామనీ, లేకుంటే నలభై ఆరో రోజున మందు పెడతామనీ గనుల వాళ్లు రాసి పంపారు.

సూపరింటెండెంటు పద్మలోచని అర్జీ చదివి నిట్టూర్చింది. ఆమె మంచి మనిషి, ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్య ఉన్న మనిషి.

"మూడు ముక్కల్లో రాసినావు ఓబులేసూ. అర్జీ ఇంత చిన్నగా ఉంటే పైవాళ్లకు అనుమానం వస్తుందప్పా."

"నొప్పి గూడా అంతే మేడం. ఒక్క చోటే ఉండాది."

పద్మలోచని అన్నదే జరిగింది. అర్జీ జాయింటు డైరెక్టరు భుజంగరావు గారి బల్ల మీదికి వెళ్లింది. భుజంగరావు గారు సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటారు. సర్వీసులో చేరింది మొదలు ఫైలు కన్నా బరువైన వస్తువు ఎత్తి ఎరగరు. ఆయన అర్జీని రెండుసార్లు చదివి, వారం తిరక్కుండా ఒక సంఘం వేశారు. దాని పేరు ఆరుబయలు ఛాయాగ్రహణ సామగ్రి వహన సౌకర్య నిర్ణాయక సంఘం. తలుపుకు కొట్టిన పలక మీద ఆ పేరు పట్టక, 'నిర్ణాయక సంఘం' అన్న మాటలు పక్క గోడ మీద రాయించాల్సి వచ్చింది.

మొదటి సమావేశంలో ఓబులేసును నిలబెట్టి అడిగారు.

"నొప్పి ఎవరిది?" అన్నారు భుజంగరావు గారు.

"నాదే సార్."

"తొందరపడవద్దు. భుజము నీది. అందులో వివాదము లేదు. కాని నొప్పి విధినిర్వహణలో ఉత్పన్నమైనది కావున అది మండలికి చెందును. మండలికి చెందిన దాని విషయమై నీ వ్యక్తిగత అభిప్రాయము ప్రమాణము కానేరదు. పద్మలోచని గారూ, రాసుకోండి."

పద్మలోచని రాసుకుంది.

"ఖాదర్‌బాషా అంగట్లో నేను ఒకటి మోసి చూసినా సార్. చానా బాగుండాది" అన్నాడు ఓబులేసు ఆశగా.

"నీకు బాగున్నది. రేపు నీవు పదవీ విరమణ చేసెదవు. నీ స్థానములో వచ్చు వ్యక్తికి అది బాగుండకపోయినచో? ఒక వ్యక్తికి సౌకర్యము కల్పించుట పక్షపాతము. మండలి సౌకర్యము కల్పించవలసినది వ్యక్తికి కాదు, ఉద్యోగికి. ఉద్యోగి యొక్క భుజము ఎట్లుండునో ముందుగా నిర్ణయించవలెను."

ఆ నిర్ణయం కోసం మండలిలోని ముప్పై ఏడుగురు ఉద్యోగులకూ కొలతలు తీశారు. భుజాల వెడల్పు, మెడ నుంచి నడుము దాకా వీపు పొడవు, నడుము చుట్టుకొలత, మొత్తం ఎత్తు. దర్జీ వచ్చి వరండాలో మూడు రోజులు కూర్చున్నాడు. డైరెక్టరు గారి నడుమును మాత్రం తలుపులు మూసి కొలిచి, అంకెను సీలు వేసిన కవరులో పెట్టి పంపారు. అన్ని కొలతలూ కూడి, సగటు తీస్తే, ప్రామాణిక ఉద్యోగి దేహం తేలింది. ఆ దేహానికి సరిపోయేలా సంచి పట్టీలు బిగించాలని సంఘం తీర్మానించింది.

చిక్కేమిటంటే ఆ దేహం ఎవరికీ లేదు. ఒకరికి భుజాలు కుదిరితే నడుము కుదరలేదు. ఇంకొకరికి నడుము కుదిరితే ఎత్తు ఎక్కువైంది. ఓబులేసుకైతే నాలుగింటిలో ఒక్కటీ కుదరలేదు. పైగా, ఆయన రెండు భుజాలూ రెండు రకాలుగా ఉన్నందున కొలత అసంపూర్ణమని రాశారు. జాబితా చివరికి వచ్చాక, ముప్పై ఎనిమిదో పేరు దగ్గర పద్మలోచని పెన్ను ఆగింది. నాలుగు కొలతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఆ పేరు సుంకులమ్మ.

సుంకులమ్మ ఆఫీసు ఊడ్చే మనిషి. నలభై అయిదేళ్లు ఉంటాయి. ఆమెను పిలిపించారు.

"ఉద్యోగుల వరుసలో నీవు ఎందుకు నిలబడితివి?" అన్నారు భుజంగరావు గారు.

"నేను నిలబల్లేదు సార్. వాళ్లంతా జరిగితే కసువు కొడదామని ఎనకాల ఉండినా. ఆ దర్జీ ఊరికే టేపు ఏసేసినాడు. వద్దని సెప్పినా ఇనలే."

భుజంగరావు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆమెను చాలాసేపు చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన ఒక సగటును మనిషి రూపంలో చూడటం అదే మొదలు.

"కూర్చోండమ్మా" అన్నారు.

ఆఫీసులో సుంకులమ్మను కూర్చోమన్న మొదటి మనిషి ఆయనే. ఆమె భయపడి కూర్చోలేదు.

ఆ మరునాడు ఉత్తర్వులు వెలువడ్డాయి. నాలుగో నిబంధన ఇట్లా ఉంది: "సౌకర్యమనగా సుంకులమ్మకు సౌకర్యము. ఈ విషయమై ఆమె మాటే తుది నిర్ణయము." అయిదో నిబంధన ప్రకారం ప్రామాణిక దేహాన్ని యథాతథంగా కాపాడాలి. ఆమె బరువు పెరగరాదు, తగ్గరాదు. ప్రతి సోమవారం తూచాలి. చీపురు పట్టడం వల్ల ఒక చేయి బలపడి కొలతలు మారే ప్రమాదం ఉంది కాబట్టి ఆమె ఇకమీదట ఊడవరాదు.

మరి ఆఫీసు ఎవరు ఊడవాలి? కొత్త మనిషిని పెట్టుకునే అధికారం సంఘానికి లేదు. అందుచేత వంతులు వేశారు. పద్మలోచనికి బుధవారం పడింది. ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని వరండా ఊడుస్తుంటే సుంకులమ్మ కుర్చీలో ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుని, "మేడం, పొరక అట్ల పట్టుకుంటే నడుం పట్టేస్తాది. వంగాకండి, పక్కకి తిరగండి" అని బతిమాలేది. డైరెక్టరు గారి వంతు శుక్రవారం. ప్రతి శుక్రవారం ఆయనకు రాజధానిలో పని పడేది.

"ఏమన్నా ఇది?" అని సుంకులమ్మ ఓబులేసును నిలదీసింది. "ఇంటికాడ ఇంగో ముద్ద సంగటి పెట్టుకుందామంటే సోమవారం తూస్తారని భయంగా ఉండాది. నేనేం తప్పు సేసినా?"

"తప్పు నాది సుంకులమ్మా. నొప్పి అని రాసిచ్చినా."

గడువులో ఇరవై ఎనిమిది రోజులు అయిపోయాయి. సంఘం ఖాదర్‌బాషా దుకాణం నుంచి సంచి తెప్పించింది. దాని పట్టీలు పొడవు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలుగా ఉండటం చూసి భుజంగరావు గారు నొచ్చుకున్నారు. ఎవరికి తోచినట్టు వారు మార్చుకునే వీలున్నది ప్రమాణం ఎట్లా అవుతుంది? సుంకులమ్మ కొలతకు పట్టీలు సరిచేసి, కదలకుండా కుట్టించి, కుట్టు మీద లక్క పోసి మండలి ముద్ర వేయించారు.

తర్వాత సౌకర్య పరీక్ష. సంచిలో పదకొండు కిలోల పాత ఫైళ్లు నింపి సుంకులమ్మ వీపుకు తగిలించి, ఆఫీసు మెట్లు నలభై రెండుసార్లు ఎక్కించి దించారు. పది మెట్లకొకసారి పద్మలోచని ఫారం పట్టుకుని అడగాలి.

"ఎలా ఉంది సుంకులమ్మా?"

"బాగుండాది మేడం."

"బాగుంది అన్న గడి లేదమ్మా. సౌకర్యము, పాక్షిక సౌకర్యము, అసౌకర్య రాహిత్యము, ఈ మూడే ఉన్నాయి."

"ఆ మూడోది అంటే ఏంది?"

పద్మలోచని ఆలోచించింది. "బాగుందనే అనుకుంటా."

"అయితే అదే రాయండి."

సంచి నెగ్గింది. ఓబులేసు పరుగున వెళ్లి సంచి తీసుకుని వేసుకోబోయాడు. ఆయన ఆరడుగుల మనిషి. కుట్టేసిన పట్టీల్లో ఒక చేయి దూరింది, రెండోది దూరలేదు. దూర్చడానికి ఆయన పెనుగులాడుతుంటే భుజంగరావు గారు వచ్చి, "ఆగుము. లక్క విరుగును" అన్నారు.

"మరి నేనెట్ల మోయాల సార్?"

"నీవు మోయుట అనుమతింపబడదు. సంచి ప్రామాణిక దేహమునకు నిర్దేశింపబడినది. సుంకులమ్మ గారు మోయుదురు."

"సరే సార్. ఆమె మోస్తే, నేను కెమెరా తీసి ఫోటో కొడతా."

"సంచి ఒకరిది, కెమెరా మరొకరి చేతిలో! అట్లయినచో ప్రతి ఫోటోకు ముందు అప్పగింత పత్రము, తరువాత స్వాధీన పత్రము, ఇద్దరేసి సాక్షులు అవసరమగుదురు. ఎన్ని ఫోటోలు తీసెదవు?"

"ఒక రెండొందలు."

"ఎనిమిది వందల సాక్షి సంతకములు. గుట్ట మీద అంతమంది నిలుచుటకు చోటున్నదా? కావున మోసిన వారే తీయవలెను."

ఓబులేసు ఇంటికి వెళ్లి ఆ పూట అన్నం తినలేదు. భుజం నొప్పి తగ్గింది, నిజమే. నిర్ణయం తేలేదాకా తోలుసంచి కూడా ముట్టరాదని సంఘం అన్నందున నెల రోజులుగా ఆయన ఏమీ మోయడం లేదు. కాని ఇరవై నాలుగేళ్లు ఆ కెమెరా వెనక నిలబడి ఒక కన్ను మూసి లోకాన్ని చూసిన మనిషి. ఇప్పుడు దాన్ని ముట్టుకోరాదు. ఆయనకు సుంకులమ్మ మీద కోపం వచ్చింది. ఆమె తప్పేమీ లేదని తెలిసి, ఆ కోపం తన మీదికే తిరిగింది.

గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. పొద్దున్నే ఆయన ఆఫీసు పెరట్లో సుంకులమ్మను కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, తాకకుండా నేర్పడం మొదలుపెట్టాడు. ఏది తిప్పాలి, ఏది నొక్కాలి, ఎక్కడ చూడాలి. ఆమె మొదట నీళ్ల మోటారును తీసింది. అది మసకగా వచ్చింది. తర్వాత పక్కింటి మేకను, మేక తినే చెట్టును, చెట్టు కింద కునికే డైరెక్టరు గారి డ్రైవరును తీసింది. నాలుగో రోజు ఓబులేసు కెమెరాలో బొమ్మ మీదికి వంగాడు. గోడ మీది పెచ్చులు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే గోరుతో గీకాలనిపించింది.

"నొక్కేటప్పుడు ఊపిరి బిగబడ్తాండావు. నేను చెప్పలేదు కదా, ఎవురు నేర్పినారు?" అని అడిగాడు.

"దుమ్ము ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకుంటే ముక్కులోకి పోతాదన్నా. అలవాటు."

ఓబులేసుకు ఆమె మీద ఇంకా మిగిలిన కోపం ఆ క్షణంలో పోయింది. ఆయనకే ఆశ్చర్యమనిపించింది, ఆ రోజు నుంచి తనకు తెలిసినదంతా ఆమెకు చెప్పేయాలన్న తొందర మొదలైంది.

ప్రయాణపు ఉత్తర్వుల మీద సంతకాలు నలభై మూడో రోజుకు పూర్తయ్యాయి. నలభై నాలుగో రోజు బోడిబండ గుట్ట ఎక్కారు. ముందు సుంకులమ్మ, వీపున సంచితో. వెనక ఓబులేసు, వట్టి చేతులతో. ఆయన వెనక పర్యవేక్షణ నిమిత్తం భుజంగరావు గారు, ఆ వెనక ఫైలు పట్టుకుని పద్మలోచని. గుట్ట కింద అప్పటికే పెద్ద యంత్రం ఒకటి వచ్చి నిలబడి ఉంది. బండలకు తొలిచే బెజ్జాల కోసం తెల్ల సున్నంతో గుర్తులు పెట్టారు. ఒక గుర్తు సరిగ్గా రాతల బండ పక్కనే ఉంది.

పైకి చేరేసరికి పన్నెండయింది. భుజంగరావు గారు గడియారం చూసుకుని తృప్తిపడ్డారు. వెలుతురు గరిష్ఠంగా ఉండే సమయంలో ఫోటోలు తీయాలని ఉత్తర్వులో రాసింది ఆయనే.

"ఇక ప్రారంభింపవచ్చును."

సుంకులమ్మ కెమెరా తీసి కంటికి ఆనించుకుంది, దించింది. బండ చుట్టూ తిరిగింది. నడినెత్తిన సూర్యుడు. బండ నున్నగా, తెల్లగా, ఏ కాలంలోనూ ఎవరూ ముట్టనట్టు మెరుస్తోంది.

"ఏమీ కనపల్లేదు సార్."

"వెలుతురు ఇంతకన్నా ఎక్కువ ఎప్పుడుండును?"

"ఎక్కువుండేదే తంటా సార్. పొద్దున్నే కసువు కొట్టేటప్పుడు కిటికీలో నుంచి ఎండ అడ్డంగా పడ్తాది సూడండి, అప్పుడు నేల మీద ఒక్కో ఇసక రేణువు లేసి నిలబడ్తాది. అదే నేల మట్టమధ్యాన్నం సూస్తే అద్దం మాదిరి ఉంటాది. అట్లని దుమ్ము లేదనుకుంటే ఎట్ల?"

అదే మాటను ఫోటోగ్రాఫర్ల భాషలో చెప్పాలని అడుగడుగునా అనుకుని, అడుగడుగునా మింగేసిన ఓబులేసు తలెత్తి ఆమె వైపు చూశాడు.

"సార్, ఆమె చెప్పేది నిజం. సాయంత్రం నాలుగున్నర దాకా ఆగాల" అన్నాడు.

"ఉత్తర్వులో పన్నెండు గంటలని ఉన్నది. ఉత్తర్వు సాయంత్రమునకు మారదు. తీయుము."

ఇప్పుడు తీస్తే వట్టి బండ ఫోటోలు వస్తాయి. వట్టి బండ ఫోటోలు చూసి ఎల్లుండి మందు పెడతారు. ఓబులేసుకు ఆ లెక్క తెలుసు. చేతులు వాటంతటవే వెనక్కి పోయి కట్టుకున్నాయి.

సుంకులమ్మ సంచి దించి కెమెరాను మెల్లగా అందులో పెట్టింది. దాని పక్కన ఒక చదునైన రాయి చూసుకుని కూర్చుంది. భుజంగరావు గారి ఎదుట ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"నాకు ఇప్పుడు సౌకర్యంగా లేదు సార్" అంది.

భుజంగరావు గారు రెండడుగులు ముందుకు వేశారు.

"ఏమి అసౌకర్యము? సంచియా? పట్టీయా?"

"అది నాకు తెలీదు సార్. సౌకర్యంగా లేదు. అంతే."

భుజంగరావు గారు పద్మలోచని వైపు తిరిగారు. పద్మలోచని అప్పటికే ఫైలు తెరిచింది. ముప్పై ఏళ్లలో ఆమె ఏ నిబంధననూ అంత ఇష్టంగా చదవలేదు.

"నాలుగో నిబంధన సార్. సౌకర్యమనగా సుంకులమ్మకు సౌకర్యము. ఈ విషయమై ఆమె మాటే తుది నిర్ణయము. కింద మీ సంతకం."

ఆయన కాగితం తీసుకుని తన సంతకాన్ని పరిశీలించారు. తనదే. దాని మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఆయన రాయలేదు. తర్వాత ఆయన కూడా ఒక రాయి వెతుక్కుని, మీద రుమాలు పరిచి కూర్చున్నారు. రాయి కాలుతోంది. లేచారు. మళ్లీ కూర్చున్నారు.

అరగంటకొకసారి, "ఇప్పుడు?" అని అడిగేవారు.

"లేదు సార్" అనేది సుంకులమ్మ.

రెండు గంటలప్పుడు పద్మలోచని తెచ్చుకున్న పెరుగన్నం నలుగురూ పంచుకుని తిన్నారు. మూడింటికి భుజంగరావు గారు బూట్లు విప్పారు. మూడున్నరకు, "సూర్యుడు వంగుటకు సాధారణముగా ఎంత కాలము పట్టును?" అని ఓబులేసును అడిగారు. అది ప్రశ్నే, ఆజ్ఞ కాదు. ఓబులేసు చెప్పాడు.

నాలుగూ ఇరవైకి ఎండ పక్కకి ఒరిగి బండ మీద పాకింది. మొదట ఒక గీత లేచింది. ఆ తర్వాత సున్నా లాంటిదొకటి. చూస్తుండగానే, నీళ్లలో నుంచి చేపలు పైకొచ్చినట్టు, బండ నిండా అక్షరాలు వచ్చి నిలబడ్డాయి. ఏడు వరుసలు. ఒక్కో అక్షరం పక్కన సన్నని నీడ.

"యబ్బా" అన్నారు భుజంగరావు గారు. ఏ ఉత్తర్వులోనూ లేని మాట అది.

"ఇప్పుడు సౌకర్యంగా ఉండాది సార్" అని సుంకులమ్మ లేచింది.

పొద్దు గూకే లోపల ఆమె రెండు వందల పది ఫోటోలు తీసింది. ఓబులేసు పక్కన నిలబడి, "కొంచెం కిందికి... ఆ, ఇంగో అడుగు ఎడంపక్కకి..." అంటూ ఉన్నాడు. సగం ఫోటోలయ్యాక ఆయన చెప్పడం మానేశాడు. అవసరం లేకపోయింది.

నలభై అయిదో రోజు మధ్యాహ్నం నివేదిక అందింది. అక్షరాలు చదివిన పండితులు చెప్పిన దాన్నిబట్టి, గుట్ట మీద గొర్రెలు కాసుకునేవాళ్ల కోసం బోయ తిప్పమ్మ అనే ఆమె తొలిపించిన నీటి దోన గురించిన శాసనమది. యంత్రం వెనక్కి పోయింది. దోన ఎక్కడుందో కాపరులకు ముందే తెలుసు. వాళ్లు ఆ నీళ్లే తాగుతున్నారు.

ఇంతటితో అయిపోతే అది మండలి ఎందుకవుతుంది? మరుసటి నెల ఓబులేసును ఎముకల డాక్టరు దగ్గరికి పంపారు. రెండు నెలలుగా బరువు మోయలేదు కాబట్టి భుజం నయమైందని డాక్టరు రాశాడు. సంఘం ఆ కాగితం మీద చర్చించి, నొప్పి లేనందున వీపుసంచి అవసరం తీరిందనీ, ఓబులేసు యథాప్రకారం తోలుసంచిని మోయవచ్చుననీ తీర్మానించింది. సౌకర్యానికి సంబంధించిన కాగితం గనుక చివర సుంకులమ్మ సంతకం కావాలి.

సంఘమంతా కూర్చుని ఉండగా ఆమెను పిలిచారు. బల్ల మీద తోలుసంచి, అందులో సామానంతా.

"నేను మోయకుండా ఎట్ల సెప్పేది సార్?" అని ఆమె సంచి అందుకుని ఒంటి భుజానికి వేసుకుంది. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, తిరిగి వచ్చింది. రెండోసారి పోయి వచ్చింది. ఓబులేసు భుజం వైపు చూసింది. తర్వాత సంచి దించి, భుజంగరావు గారి దగ్గరికి తీసుకెళ్లి నిలబడింది.

"మీరూ ఒక తూరి ఎత్తి సూడండి సార్."

"నేనా? నా దేహము ప్రామాణికము కాదు."

"ఫరవాల్యా సార్. ఊరికే గేటు దాకా."

ఆ సంచి గురించి పద్నాలుగు సమావేశాలు జరిగాయి. సంఘంలో ఒక్కరూ దాన్ని ఎత్తి చూడలేదన్న సంగతి అప్పుడు అందరికీ ఒకేసారి తెలిసింది. భుజంగరావు గారు లేచి సంచి తగిలించుకున్నారు. ఇస్త్రీ కాగితం కుడివైపుకు మడత పడింది. వరండా దాటారు, మెట్లు దిగారు. ఆవరణ మధ్యలో ఆగి పట్టీ సర్దుకున్నారు. గేటు దగ్గర సంచి దించి గోడకు ఆనుకున్నారు. వెంట వచ్చిన ఓబులేసు వైపు చూసి, ఊపిరి అందాక అడిగారు.

"ఎన్నేళ్లుగా మోస్తున్నావయ్యా?"

"ఇరవై నాలుగేండ్లు సార్."

"గుట్టల మీదికి?"

"గుట్టల మీదికే సార్."

"మరి చెప్పలేదేమయ్యా?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "చెప్పినా సార్. మూడు ముక్కల్లో."

భుజంగరావు గారు గోడకు ఆనుకునే, జేబులోంచి పెన్ను తీసి, వెంట వచ్చిన పద్మలోచని చేతిలోని కాగితం వెనక వైపు రాశారు: "ఓబులేసుకు ఏది బాగుంటే అది ఇవ్వండి. ఎవరైనా వెంట ఉండి సాయం చేయాలంటే సుంకులమ్మ గారిని అడగండి, ఆమెకు ఇష్టమైతే." అందులో ఒక్క 'వలెను' కూడా లేదని పద్మలోచని తర్వాత అందరికీ చూపించింది.

సుంకులమ్మకు ఇష్టమే అయింది. వర్షాలు తగ్గాక ఒక పొద్దున వాళ్లిద్దరూ ఇంకో గుట్ట ఎక్కారు. ఓబులేసు వీపున ఖాదర్‌బాషా దుకాణపు కొత్త సంచి, తన కొలతకు తానే బిగించుకున్నది. రెండు చేతులూ ఖాళీగా ఉండేసరికి ఆయనకు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో మొదట తోచలేదు. దారి పక్క పరికి పొదలు కనబడితే పండ్లు కోసి, సగం సుంకులమ్మకు ఇచ్చి, సగం తింటూ నడిచాడు. ఫోటో ఎవరు తీయాలన్న పేచీ రాలేదు. ముందు ఎవరికి మంచి రాయి కనిపిస్తే వాళ్లు తీయడమని ఒప్పుకున్నారు.

వాళ్లకు చాలా కింద, మలుపు దగ్గర, భుజంగరావు గారు ఎక్కుతున్నారు. ఈమధ్య ఆయన ప్రతి గుట్టకూ వస్తానంటున్నారు. మోసేది ఒక నీళ్లసీసా మాత్రమే, మెడకు తాడుతో. అది ఒకసారి కుడికి ఊగుతోంది, ఒకసారి ఎడమకు ఊగుతోంది. ఆయన ఆగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పైకి అరిచారు.

"సుంకులమ్మ గారూ! నీళ్లసీసా ఏ భుజమునకు వేసుకొనుట సౌకర్యము?"

సుంకులమ్మ వంగి, కిందికి చూసి, అంతే గట్టిగా అరిచింది.

"సేత్తో పట్టుకోండి సార్!"